బారాకూ బరాకూ నడుమ

షోలాపూర్, నీలం నగర్. ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ దిగిన ఆరతి ఇంటికి కూడా పోలేదు, తిన్నగా చిన్నమ్మ చంద్రభాగ గడప ముందుకొచ్చి కూలబడింది. నోట్లో ఒక మాట ఉంది. మింగలేక, కక్కలేక తెల్లారిందాకా దాన్ని మోసుకొచ్చింది పాపం.

"ముందుగాల నోరు తీపి చేసుకో. గల్లంత పంచంగ నీకోసమని గిన్నెల ఇంత చక్కెర మిగిలిచ్చిన."

"వద్దు చిన్నమ్మా."

"వద్దంటవేందే? మీ చిన్నాయిన బతికి బట్ట కడ్తున్నడంటె వద్దంటవా?"

"బతికి బట్ట కడ్తడని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలో చెప్పుడేంది. నిన్న పొద్దుగూకినంక వార్డు అద్దం కాడ నేనే నిలవడ్డ. సిస్టరమ్మ చేతుల కాగితం సూసుకుంట డాక్టర్‌సాబ్‌తోని అన్నది, మీ చిన్నాయిన పేరు వట్టి, 'పెంటప్ప, బరా ఆహే' అని. మరాఠీల బరా అంటె బాగున్నడనే గద. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా?"

"దానికి డాక్టర్ ఏమన్నడు?"

"ఏమంటడు. తలకాయ ఊపిండు."

"ఎట్ల ఊపిండు?"

"ఊపుడు ఊపుడే. చాయ్ పెట్టాల్నా?"

"చాయ్ వద్దు. జర ఆ చేట పక్కకు పెట్టు. నీతోని మాట్లాడాలె."

"చేతులాగితె నా పాణం ఆగదు. నువ్వు చెప్పుకుంట పో, నేను బీడీ చుట్టుకుంట వింట. చేతులకు పనిగని చెవులకు కాదు గద."

"శుభమ్ యాడున్నడు?"

"ఇంకేడుంటడు, నాయిన కాడనే. బువ్వ పంపిన, తిన్నడో లేదో. నీకు కండ్లవడలేదా?"

"వడ్డడు. కుర్చీల కూసోనే నిద్రపోతున్నడు. లేపలే. మరి పెద్దనాయిన?"

"బావ పొద్దుగాలనే యాడికో పోయిండు. నిన్నటి దాంక ఒకటే లొల్లి. తమ్మున్ని ఇంటికి తెద్దాం, ఇంటికి తెద్దాం అని. నేను బరా అని చెప్పినంక నోరు మూసుకున్నడు. మల్ల ఎవలేం ఊదిండ్రో, రాత్రి సంది నా మొఖం సూస్తలేడు."

"చిన్నమ్మా, చిన్నాయిన సగం ఒళ్లు కాలిపోయింది."

"నాకు చెప్తున్నవా? కార్ఖానాల దూది నూగుకు మంటంటుకుంటె అందరు బయిటికి ఉరికిండ్రు. ఈయన ఒక్కడు సాంచా బందువెట్టొస్తనని లోపటికి పోయిండు. సాంచా ఈయన సొంతమా? సేటుది. గని మగ్గం ఉరుకుతుంటె ఇడిసిపెట్టి రాలేడు, గది ఈయన గుణం. ఆ గుణమే కాల్చింది."

"నిన్న చిన్నాయిన నెత్తురు నా చేతికే వచ్చింది."

"మంచిగయ్యింది. మనోళ్ల చేతికి వచ్చింది."

"అది కాదు. విను జర. పెద్ద డాక్టర్ కాలినోళ్ల నెత్తురు మీద రీసెర్చి చేస్తున్నడు. పైన పుండు సూస్తె తెల్వదంట, ఎవలు నిలుస్తరో ఎవలు పోతరో. నెత్తురు ముందుగాల చెప్తదంట. గందుకే పొద్దున ఒకసారి, పొద్దుగూకంగ ఒకసారి తీస్తుండ్రు."

"నెత్తురేం చెప్తది? చిలకజోస్యమా?"

"అండ్ల లాక్టేట్ అని ఒకటుంటది. నీకు నాకు ఒకటో, ఒకటిన్నరో ఉంటది. లోపట ఒళ్లు గాలి చాలక కొట్టుకుంటుంటె పెరుగుతది. ఎంత పెరిగితె అంత కష్టం. చిన్నాయినకు అది..."

"ఈ దారం తెంపియ్యి జర. గోరుకు అందుతలేదు."

"చిన్నమ్మా."

"తెంపియ్యమంటుంటె."

"ఇగో తెంపిన. ఇప్పుడు నా దిక్కు సూడు. సిస్టర్ బరా అనలే. బారా అన్నది. పన్నెండు. ఆ కాగితం పంపింది నేనే. మిషిన్ల సూసింది నేనే. తప్పేమో అని రెండోసారి గూడ పెట్టి సూసిన. బారానే వచ్చింది. చిన్నమ్మా, విన్నవా?"

"విన్న."

"నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక రాత్రంత..."

"నిన్ననే విన్న."

"ఏంది?"

"నిన్ననే విన్ననంటున్న. బారా అనే వినవడ్డది నాకు. పోరిగున్నప్పటి సంది బీడీలు లెక్కవెట్టుకుంట పెరిగినదాన్ని, బారా తెల్వదానె నాకు? ఆ డాక్టర్ తలకాయ గిట్ల అడ్డం ఊపిండు. గోడ వట్టుకొని నిలవడ్డ."

"మరి గల్లంత చక్కెర పంచితివి?"

"పంచకపోతె మీ పెద్దనాయిన నమ్ముతడా? ఆడినంక అబద్ధం అతికినట్టుండాలె."

"ఎందుకు చిన్నమ్మా గిట్ల చేసినవు?"

"ఎందుకా? మా మామకు నిమోనియా అయినప్పుడు నువ్వు ఇంకా పుట్టలే. గిదే దవాఖాన గాదు, ఇంకోటి. అక్కడి డాక్టర్ ఈ రాత్రి గడవదన్నడు. గంతే. బావ, మీ చిన్నాయిన, ఇద్దరు కలిసి ఇంటికి తెచ్చి గీ గడప లోపటనే నేల మీద పండవెట్టిండ్రు. సొంత నేల మీద పోతె పుణ్యమన్నరు. రాత్రి గడిచింది. ఇంకో రాత్రి గూడ గడిచింది. ఊపిరి గీసుకుంట గీసుకుంట మనిషి మా దిక్కే సూసిండు. చుట్టాలొచ్చి కూసున్నరు, వండిపెట్టుకుంట నేనున్న. ఎప్పుడు పోతడని ఎదురు సూసినమే మేము. బతికేటోన్ని పట్టుకొని ఎదురు సూసినం. దవాఖానల ఉంటె బతికెటోడేమో. అప్పటిసంది ఆ జాగల నేను పండుకోలే. ఇప్పుడు నా మొగున్ని గూడ ఆడనే పండవెడ్తనంటె ఊకుంటనా?"

"పెద్దనాయినది చెడ్డ మనసు కాదు."

"చెడ్డదని నేనన్ననా? తమ్ముడంటె పాణం. గందుకే భయం. పగోడైతె కొట్లాడుదును."

"విను. బారా ఒక్కటే సూసి అయిపోయిందనుకోవద్దు. డాక్టర్ సూసేది అది దిగుతున్నదా, ఎక్కుతున్నదా అని. తెల్లారంగ మల్ల తీసిండ్రు. అంతల మిషిన్ మొరాయించింది. మా ల్యాబ్ల చేసే మేఘన దాని ముంగటనే కూసున్నది. రాంగనే నాకు ఫోన్ చేస్తనన్నది. దిగితె ఆశ ఉంటది."

"గట్లయితె గది చెప్పు బావకు. ఆగుమని చెప్పు."

"ఆగుమంటె ఎందుకు అంటడు. నిన్నటిదెంత అంటడు."

"బరా అను."

"నేనా?"

"నా మాట నమ్ముతలేడు. నువ్వు తెల్లకోటు వేసుకునేదానివి, నీ మాట నమ్ముతడు. పెద్ద అబద్ధం గూడ కాదు. బారా అనేదాన్ని జర కురుచగ పలుకు. గంతే. ఒక్క పూట, రిపోర్ట్ వచ్చేదాంక."

"నాతోని కాదు చిన్నమ్మా. ఒకసారి అబద్ధమంటె, మల్ల నిజం చెప్పినా నమ్మరు."

"నేను నీ కాళ్లు వట్టుకోవాల్నా? మీ అమ్మ కంటె నిన్ను ఎక్కువ ఎత్తుకున్నదాన్ని."

"గట్ల మాట్లాడకు."

"మరి ఎట్ల మాట్లాడాలె చెప్పు. అగో, బావనే వస్తున్నడు. మొఖం తుడుచుకో."

పెంటప్ప అన్న సాయిలు గల్లీలోంచి వచ్చాడు. కొంతం చౌక్ దాకా పోయి వచ్చిన మనిషి, చెప్పులు కూడా విప్పకుండా గడప ముందే నిలబడ్డాడు.

"ఆరతీ, నువ్వున్నది మంచిదే అయ్యింది. అంబులెన్స్ బండి మాట్లాడి దవాఖానకు పంపిన. పొమ్మంటె పోతది, రమ్మంటె వస్తది. నీ నోటి మాట కోసం ఆగిన."

"కూసో పెద్దనాయినా."

"కూసునే పని గాదు. మీ చిన్నమ్మ బరా అన్నది. వార్డుల తుడిసే సుందరాబాయి బారా అంటున్నది. ఇద్దరాడోళ్లు, రెండు మాటలు. నెత్తురు సూసింది నువ్వంట. చెప్పు బిడ్డా. బరానా, బారానా?"

"ల్యాబ్ సంగతులు బయట చెప్పొద్దు పెద్దనాయినా. కొలువు పోతది."

"నేను బయటోన్నా?"

"అది కాదు..."

"చెప్పవే ఆరతీ. చెప్తె ఏమైతది. ఉన్నదే చెప్పు."

"నువ్వు నడుమల రాకు చంద్రభాగా. పిల్లను చెప్పనియ్యి."

"బరా ఆహే, పెద్దనాయినా."

"బరానా?"

"ఆ."

"బాగున్నడా?"

"బాగనే ఉన్నడు. ఈ పొద్దుటి రిపోర్ట్ వస్తది, అప్పటి దాంక..."

"నా కండ్లల్ల సూసి చెప్తలేవు."

"సూస్తున్న."

"లేదు. చేట దిక్కు సూస్తున్నవ్. ఇటు రా. ఇగో, నా తలకాయ వంచిన. నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు. అబద్ధమైతె నెత్తి పలుగుతది, నాదే పలుగుతది, నీకేం కాదు. పెట్టు."

"బావా, గదేం పని. చిన్నపిల్లతోని ఒట్లా?"

"పెట్టు బిడ్డా."

"పెద్దనాయినా..."

"మొన్న పెంటడు నా చెయ్యి వట్టుకున్నడు. చర్మం నా చేతికి అంటింది. 'అన్నా, నన్ను ఈడ సావనియ్యకు' అన్నడు. వాడు నాకు తమ్ముడు కాదు, మా అమ్మ పోయినంక నేను ఎత్తి సాదిన కొడుకు. వాని మాట నిలవెట్టాలె నేను. బతికేదుంటె వెయ్యి రోజులు ఆడనే ఉంచుత, నా మగ్గం అమ్ముత. లేనిది ఉన్నదని చెప్పి నాతోని తప్పు చేయించకు. చెయ్యి వెట్టు. ఆ, గట్ల. ఇప్పుడు చెప్పు."

"బారా."

"ఆ?"

"బారా, పెద్దనాయినా. పన్నెండు. గని ఒక్కదాంతోని కాదు. పొద్దుటిది దిగిందేమో సూడాలె. జరసేపు ఆగు. నీ కాళ్లు మొక్కుత, జరసేపు."

"దిగుతదని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. దిగొచ్చు."

"దిగొచ్చు. గిది దింపుడు కల్లం ఆశ బిడ్డా. పాడె దించి చెవుల పేరు పెట్టి పిలిస్తె లేచినోన్ని నేను ఇయ్యాలటి దాంక సూడలే."

"పాడె అనకు బావా. మనిషి ఊపిరితోనున్నడు, నా మొగనికి పాడె అనకు."

"మరి నువ్వు నాకేం చెప్పినవు చంద్రభాగా? గల్లంత చక్కెర పంచితివి. నా నోట్ల గూడ వేస్తివి. నేను నమ్మి రాత్రి కడుపునిండ తిన్న."

"ఆడిన. అబద్ధమే ఆడిన. మల్లైనా ఆడుత. ఒక పోగు తెగిందని సాంచా మీదికెల్లి బట్ట కోసుకొస్తరా నువ్వే చెప్పు."

"పోగు తెగితె ముడేస్త. బట్ట కాలితె ఏం ముడేస్తవ్?"

"మామను తెచ్చినప్పుడు గూడ గిట్లనే అన్నవ్."

"మా నాయిన నా తొడ మీద పోయిండు. నా చేతి నీళ్లు తాగి పోయిండు. గది తప్పంటవా?"

"తాగలేదు బావా. చెంప మీదికెల్లి కారినయ్. తుడిసింది నేను."

"ఇగ చాలు. హలో. శుభమ్? ఆ, నేనే. కాగితం మీద సంతకం పెట్టు బేటా. అవును, మా ఇష్టంతోనే తీసుకపోతున్నమని. డాక్టర్ ఆగమంటున్నడా? ఏమిటికంట? మల్ల గదే నెత్తురు. వద్దు. ఇప్పటికి తీసినకాడికి చాలు. నేను ఆటోల వస్తున్న, నువ్వు కాగితాల పని చూసుకో, బండిల నేను కూసుంట."

"పెద్దనాయినా, ఆక్సిజన్ తీయొద్దని చెప్పు. బండిల గూడ పెట్టుకొని రమ్మను."

"పెడ్తరు, బిడ్డా. దారి పొడుగుత పెడ్తరు. చంద్రభాగా, లోపట నేల తుడువు. తులసి నీళ్లు తయ్యారు పెట్టు. నన్ను తిట్టుకో, పర్వాలేదు. గని నేల తుడువు."

ఎండ గడప ఎక్కింది. చంద్రభాగ నేల తుడిచింది; ఏడ్చుకుంటూ తుడిచిన నేల ఎప్పుడు ఆరుతుంది, మళ్లీ తుడిచింది. ఆరతి ఫోన్ చేతిలోంచి దించలేదు.

"ఈ చద్దరు పరుస్త. ఆయన నేసిందే. అంచు కాడ ఒక తప్పు పోయింది సూడు. సేటు తీసుకోనన్నడు. ఇంటికి తెచ్చిండు. తప్పు పోయినా ఎచ్చగుంటది అన్నడు."

"చిన్నమ్మా, నన్ను క్షమించు."

"నిన్నేమంట. నెత్తి మీద చెయ్యి వెట్టి ఎవరు అబద్ధమాడుతరు. నేనైతె ఆడుదునా? ఆడుదును గావొచ్చు. ఏమో."

"ముందుగాల బరా అనే అన్న గద. ఒట్టు వెట్టంగనే అబద్ధానికి నోరు మెదలలే."

"ఫోన్ మోగుతున్నది నీది."

"హా, బోల్ మేఘనా. నీట్ సాంగ్, సరిగ చెప్పు. ఎంత? మల్ల చెప్పు. సాడేపాచ్? రెండోసారి పెట్టి సూసినవా? గదే వచ్చిందా? డాక్టర్‌కు పంపినవా? ఏమన్నడు? ఎప్పుడు తీసుకపోయిండ్రు? ఆ, ఆ. పెట్టేస్తున్న."

"ఏమంటది?"

"బండి యాడికొచ్చింది చిన్నమ్మా?"

"కొంతం చౌక్ దాటినమని బావ ఇప్పుడే ఫోన్ చేసె. ఏమైంది చెప్పు."

"దిగింది. బారా నుంచి అయిదున్నరకు దిగింది, ఒక్క రాత్రిల. నెత్తురు దారికొచ్చింది చిన్నమ్మా. మందు పని చేస్తున్నదంట, పెద్ద డాక్టర్ పేషెంట్ యాడంటె యాడని వార్డుల తిరుగుతున్నడంట. ఫోన్ తియ్యి, పెద్దనాయినకు కలుపు. లవకర్, జల్ది."

"పన్నెండు కాదా?"

"బారా కాదు చిన్నమ్మా. బరా. బరా."

"కలిసింది. మోగుతున్నది. ఇగో నువ్వే మాట్లాడు."

"పెద్దనాయినా, బండి తిప్పు."

"ఎవరు, ఆరతీ? వస్తున్నం బిడ్డా. ట్రాఫిక్ ఉన్నది."

"రావొద్దు. తిప్పు. పొద్దుటి రిపోర్ట్ వచ్చింది. సగానికి దిగింది. నిలుస్తడు పెద్దనాయినా, దవాఖానకు తీసుకపోతె నిలుస్తడు."

"మీ చిన్నమ్మ పక్కనే ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకు?"

"గందుకే. పొద్దుగాల గూడ ఆమె పక్కనుండంగ బరా అనే అంటివి. నెత్తి మీద చెయ్యి వెడ్తె గని నిజం రాలే."

"ఇది నిజం. నీ నెత్తి మీద ఒట్టు."

"ఫోన్ల ఒట్టు అంటుతదా బిడ్డా? పెట్టెయ్యి. నన్ను వాని చెయ్యి వట్టుకోనియ్యి."

"చిన్నమ్మా, నమ్మడు. నువ్వు చెప్పు. నువ్వు చెప్పు."

"బావా, నేను చంద్రభాగను. నిన్న నేను అబద్ధమాడిన. అవును. నా నోరు పాడు నోరు. ఇయ్యాల మాత్రం ఆడుతలేను. నా శుభమ్ మీద ఆన. విన్నవా? కన్న కొడుకు మీద ఆన వెడ్తున్న. తల్లి గిట్ల అబద్ధమంటదా? బండి తిప్పించు బావా."

"డ్రైవర్, గాడి వాపస్ ఘే. హా, దవాఖానాత్. జల్దీ."

"తిప్పిండా?"

"తిప్పుతున్నడు."

"నమ్మినవా బావా?"

"నమ్మిన."

"ఆయన కండ్లు తెరిసిండా?"

"నమ్మినంక, వానికి గూడ చెప్దామనుకున్న చంద్రభాగా. 'పెంటా, ఇంటికి వద్దు, మల్ల దవాఖానకే పోదాం, నువ్వు బరా ఉన్నవంట' అని నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పిన. నెత్తి సల్లవడిపోయింది."